చక్కెర గొట్టానికి గార!

టీ కాచే కెటిల్ అడుగున తెల్లటి పొర చూసే ఉంటారు. బోరునీళ్లు వాడే ఇళ్లలో గీజరుకీ అదే తిప్పలు. మరి, రోజుకు వేల టన్నుల చెరకు రసాన్ని మరిగించే చక్కెర మిల్లులో? అక్కడా గార పడుతుంది. దాన్ని గోకడానికి మనుషులే ఆ పాత్రలోకి దిగాల్సి వస్తుంది!

చెరకు రసంలో దాదాపు 85 శాతం నీరే. అది పోతేగానీ పంచదార రాదు. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లు పెద్ద పెనంలో రసం పోసి, పిప్పి మంట మీద మరిగిస్తారు. మిల్లులో ఆ పని ఎవాపరేటర్లది. వరసగా నాలుగో ఐదో భారీ పాత్రలు, ఒక్కోదాంట్లో వందలు, వేల గొట్టాలు. గొట్టం లోపల రసం, బయట ఆవిరి. తమాషా ఏమిటంటే ఆవిరి ఇచ్చేది మొదటి పాత్రకే. అక్కడి రసం నుంచి లేచిన ఆవిరి రెండోదాన్ని మరిగిస్తుంది, దాని ఆవిరి మూడోదాన్ని... చివరి పాత్రలో గాలిని లాగేస్తారు కాబట్టి రసం 60 డిగ్రీల దగ్గరే తెర్లుతుంది. అలా నాలుగు పాత్రలుంటే కిలో ఆవిరితో దాదాపు నాలుగు కిలోల నీరు పోతుంది.

ఈ ఉపాయం నార్బర్ట్ రిలియూది. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన ఈ ఇంజినీరు తల్లి ఆఫ్రికన్ మూలాలున్నావిడ. బానిసలు సలసల కాగే రసాన్ని గరిటెలతో ఒక కాగులోంచి మరోదాంట్లోకి తోడుతూ ఒళ్లు కాల్చుకుంటున్న కాలంలో, 1843లో ఆయన దీనికి పేటెంటు పొందాడు.

గొలుసు కదా, ఒకచోట గార కడితే అన్నిటికీ దెబ్బే. రసాన్ని శుభ్రం చేయడానికి కలిపే సున్నంలో కొంత, మట్టిలోంచి చెరకు పీల్చుకున్న సిలికా కొంత గొట్టాలకు అంటుకుంటాయి. పాకం చిక్కబడే చివరి పాత్రలోనే ఇది మొండిగా ఉంటుంది. మూత తీయకుండా కనిపెట్టేదెలా? అనుభవమున్న ఆపరేటరు మీటర్లు చూసి చెప్పేస్తాడు. పాకం చిక్కదనం తగ్గుతుంది, మొదటి పాత్రలో ఒత్తిడి పెరుగుతుంది, ఎంత ఆవిరి ఇచ్చినా పని సాగదు. అప్పటికీ పట్టించుకోకపోతే గానుగ వేగం తగ్గించాల్సిందే. బయట చెరకు బండ్లు బారులు తీరతాయి. నరికిన చెరకు ఎండలో ఉన్నకొద్దీ తీపి తగ్గుతుందని రైతుకు వేరే చెప్పాలా?

రాకుండా చూసుకోవడమే చవక. సున్నం పాలు సరిగ్గా పడాలి. మడ్డి బాగా తేరాకే రసాన్ని వదలాలి. గార కట్టనివ్వని మందులూ చుక్కచుక్కగా కలుపుతారు. రసం పైనుంచి పల్చటి పొరలా జారే కొత్తరకం ఎవాపరేటర్లలో ఇంకో చిక్కుంది. రసాన్ని పంచే పళ్లెం రంధ్రాల్లో పిప్పి నలుసులు ఇరుక్కుంటే కింది గొట్టం ఎండిపోయి, రసం మాడి అతుక్కుంటుంది. అందుకే ముందే సన్నటి జల్లెడ పెడతారు.

ఎంత చేసినా క్రషింగ్ సీజన్లో మధ్యమధ్య కడగక తప్పదు. కాస్టిక్ సోడా నీళ్లు పోసి గంటల తరబడి మరిగించి, అవసరమైతే ఆసిడ్ పట్టించి, ఆపైన తిరిగే బ్రష్షులతో ఒక్కో గొట్టాన్నీ తోముతారు. పాత్ర చల్లారాలి, ఆవిరి, రసం వాల్వులన్నీ బిగించి తాళం వేయాలి, లోపలి గాలి పరీక్షించాలి... ఆ తర్వాతే మనిషి దిగాలి. బయట మాన్‌హోల్ దగ్గర ఇంకొకరు కదలకుండా కాపలా ఉండాలి. లోపలివాళ్లు పిలిస్తే పలకడం, పలక్కపోతే కేకేసి సాయం పిలవడం- అదొక్కటే ఆయన పని.