పిప్ మన దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడే!

హీరోకి అమ్మానాన్నా లేరు. అక్క చేతి దెబ్బలు తింటూ, బావ చాటున సేదదీరుతూ పెరిగాడు. బావ ఊళ్లో కమ్మరి. ఓ రోజు పెద్ద బంగళా నుంచి పిలుపొచ్చింది. అక్కడో అందాల బొమ్మ! చూడగానే మనవాడు ఫ్లాటైపోయాడు. ఆ పిల్లేమో ఇతగాడి మొరటు చేతులూ, ముతక బూట్లూ చూసి నవ్వింది. కొన్నేళ్లకి పేరు చెప్పని దాత ఎవరో డబ్బు పంపాడు. హీరో సూటూ బూటూ తొడుక్కుని పట్నం రైటో రైట్!

ఇది ఏ సినిమా కథా అని బుర్ర గోక్కుంటున్నారా? మన స్టూడియోల్లో పుట్టిన కథ కాదండీ. 1860 డిసెంబర్ నుంచి 1861 ఆగస్టు దాకా లండన్‌లో ఓ వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. పేరు ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’. రాసినాయన చార్లెస్ డికెన్స్. పత్రికా ఆయనదే. అప్పుడు నడుస్తున్న వేరే రచయిత సీరియల్ జనానికి నచ్చక అమ్మకాలు పడిపోతుంటే, డికెన్స్ స్వయంగా కలం పట్టి పత్రికని నిలబెట్టాడు. “తరువాయి వచ్చేవారం” అనే మాటకున్న పవర్ అదీ!

నవ్వులో పుట్టిన సిగ్గు

హీరో పేరు పిప్. బంగళా యజమానురాలు మిస్ హవిషామ్. పెళ్లిరోజున పెళ్లికొడుకు మోసం చేస్తే, ఇంట్లో గడియారాలన్నీ ఆ క్షణాన ఆపేసి, ఏళ్ల తరబడి అదే పెళ్లిబట్టల్లో కూర్చున్న మనిషి. ఆమె పెంచుకున్న పిల్ల ఎస్టెల్లా.

ఇద్దరు పిల్లలూ పేకాడుతుంటే పిప్ ఓ ముక్కని తన ఊరివాళ్లు పిలిచే పేరుతో పిలుస్తాడు. ఎస్టెల్లా పకపకా నవ్వుతుంది. అంతే! అప్పటిదాకా పిప్‌కి తన చేతుల మీద గానీ, బూట్ల మీద గానీ, మాట మీద గానీ ఏ చింతా లేదు. ఆ ఒక్క మధ్యాహ్నంతో అన్నీ తప్పుగానే కనిపించాయి. ఇల్లు చిన్నదైపోయింది. ప్రాణంగా పెంచిన బావ జో కూడా మోటుమనిషిలా అనిపించాడు. పేదరికం అంతకుముందూ ఉంది. సిగ్గు మాత్రం ఆ రోజే పుట్టింది!

డికెన్స్‌కి ఈ సిగ్గు ఎలా తెలుసంటారు? తండ్రి అప్పుల పాలై 1824లో జైలుకెళితే, పన్నెండేళ్ల డికెన్స్ వారానికి ఆరు షిల్లింగులకి బూట్‌పాలిష్ డబ్బాలకి లేబుళ్లు అంటించాడు. ఎంత పేరొచ్చినా ఆ సంగతి లోకానికి చెప్పుకోలేకపోయాడు. ఆయన పోయాక స్నేహితుడు ఫార్‌స్టర్ రాసిన జీవిత చరిత్రలో అది బయటపడింది. పిప్ బూట్ల కథ వెనక ఆ పాలిష్ డబ్బాలున్నాయన్నమాట!

తెర మీద పిప్

ఇంత సరుకున్న కథని సినిమావాళ్లు వదుల్తారా? 1946లో డేవిడ్ లీన్ తీసిన చిత్రం ఇప్పటికీ క్లాసిక్. జాన్ మిల్స్ పిప్, చిన్నారి ఎస్టెల్లాగా జీన్ సిమన్స్, పిప్ స్నేహితుడిగా కుర్ర అలెక్ గిన్నెస్. ఛాయాగ్రహణానికీ, కళాదర్శకత్వానికీ రెండు ఆస్కార్లు కొట్టింది. శ్మశానంలో పారిపోయిన ఖైదీ చటుక్కున చిన్న పిప్ మెడ పట్టుకునే సీన్‌లో ఇప్పటికీ సీట్లో ఎగిరిపడాల్సిందే!

2016లో అభిషేక్ కపూర్ దీన్ని కాశ్మీర్‌కి తీసుకెళ్లి హిందీలో ‘ఫితూర్’ తీశారు. ఆదిత్యరాయ్ కపూర్, కత్రినా కైఫ్ జంట. మిస్ హవిషామ్ పాత్రలో ఎవరనుకున్నారు? మన హైదరాబాద్ అమ్మాయి, ‘కూలీ నెం.1’ హీరోయిన్ టబు!

మరి తెలుగులో? సరాసరి తీసిన సినిమా సంగతి పక్కన పెట్టండి. ఈ కథకి చుట్టరికమున్న సినిమా మనకుంది. 1987లో కె. విశ్వనాథ్ తీసిన ‘స్వయంకృషి’. చెప్పులు కుట్టే సాంబయ్య చనిపోయిన చెల్లెలి కొడుకుని పెంచుతాడు. కష్టపడి పైకొస్తాడు. తీరా డబ్బొచ్చాక పిల్లాడి తలకి పొగరెక్కుతుంది. అప్పుడు సాంబయ్య మళ్లీ పాత పనిముట్లే చేతపడతాడు. ఆ పాత్రకే చిరంజీవి ఉత్తమ నటుడిగా నంది అందుకున్నారు. అక్కడ కమ్మరి జో, ఇక్కడ సాంబయ్య. పెంచిన చేతులు రెండుచోట్లా మొరటువే.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిన పిప్‌లు

ఇక మన పేటకొద్దాం. నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ... విజయవాడ రోడ్డు నుంచీ, సాగర్ రోడ్డు నుంచీ వచ్చే బస్సులు ఎల్బీ నగర్ చౌరస్తా దాటి దిల్‌సుఖ్‌నగర్ చేరతాయి. సూట్‌కేసూ, పచ్చడి డబ్బా పట్టుకుని దిగేది పిప్ కాక మరెవరు? గోడలనిండా కోచింగ్ పోస్టర్లు. గ్రూప్స్, బ్యాంకు, ఎస్సై, కంప్యూటర్ కోర్సులు. గదికి మూడు మంచాల హాస్టల్. మొదటి వారంలోనే ఎవరో ఒకరు మాట యాస విని నవ్వుతారు. ఆ నవ్వు ఎస్టెల్లా నవ్వే! ఆ రాత్రే కుర్రాడు యాస దాచుకోవడం నేర్చుకుంటాడు.

నవలలో జో ఓసారి లండన్ వస్తాడు. ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడుతూ, తను ఎత్తుకు పెంచిన పిల్లాణ్ణి కాసేపు పేరుతో, కాసేపు “సార్” అని పిలుస్తాడు. పిప్‌కి ఎప్పుడు వెళ్తాడా అని ఉంటుంది. చదువుతుంటే గుండె పిండేస్తుంది.

కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోకముందు, బత్తాయి లోడుతో వచ్చిన రైతు సరుకు దించాక ఏం చేస్తాడు? కొడుకుని చూసిపోదామని పక్కనే ఉన్న హాస్టల్‌కి నడుస్తాడు. సంచిలో నాలుగు కాయలు, తలకి తువ్వాల. రూమ్‌మేట్ అడుగుతాడు, “ఎవర్రా ఆయన?” అని. “మా నాయిన” అనాలి. “మా ఊరాయన” అనే మాట నాలుక చివరికొస్తుంది. ఆ రెండు మాటల మధ్యే ఉంది డికెన్స్ నవల మొత్తం!

అసలు దాత ఎవరు?

క్లైమాక్స్ ముందు అసలు ట్విస్టు. తనని జెంటిల్మన్ చేస్తున్నది మిస్ హవిషామేనని పిప్ నమ్ముతాడు. కాదు! చిన్నప్పుడు తను అన్నం పెట్టిన ఖైదీ మాగ్విచ్. ఆస్ట్రేలియాలో గొర్రెలు కాచి, చెమటోడ్చి సంపాదించి పంపాడు. ముందు పిప్‌కి అసహ్యం వేస్తుంది. పోనుపోనూ ఆ మనిషి పట్టుబడి చావుకి దగ్గరవుతుంటే, నలుగురి ముందూ అతని చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. పిప్ పెద్దవాడయ్యింది లండన్‌లో సూటు కుట్టించుకున్నప్పుడు కాదు, ఇదిగో ఇప్పుడు. తర్వాత అతను జబ్బుపడితే ఎవరొచ్చి సేవ చేశారు? జోనే! పిప్ అప్పు కూడా తీర్చేసి, చెప్పకుండా ఊరెళ్లిపోతాడు.

హాస్టల్ ఫీజు ఎవరు కడుతున్నారో మనకి తెలుసు. పిప్‌కున్న అనుమానం మనకి లేదు. అమ్మిన బత్తాయి, తాకట్టు పెట్టిన గొలుసు, వడ్డీకి తెచ్చిన అప్పు... దాత పేరు మనకి మొదటి రీల్లోనే చెప్పేశారు. అయినా మరిచిపోతున్నామంటే పిప్ కంటే మన తప్పే ఎక్కువ కదూ!

పిప్‌కి ఎస్టెల్లా దక్కిందా అంటారా? డికెన్స్ మొదట ఇద్దర్నీ విడదీశాడు. స్నేహితుడైన రచయిత బుల్వర్ లిట్టన్ వద్దంటే ముగింపు మార్చాడు. క్లైమాక్స్ మార్చడం మన ప్రొడ్యూసర్లే కనిపెట్టలేదండోయ్! కొత్త ముగింపులో వాళ్లు కలిశారో లేదో నవల చదివి మీరే తేల్చుకోండి. ఈసారి నాయిన హాస్టల్‌కి వస్తే మాత్రం గేటు దగ్గర్నుంచే పంపెయ్యకండి. రూమ్‌లోకి తీసుకెళ్లి అందరికీ పరిచయం చెయ్యండి. బత్తాయిలు తలా ఒకటి పంచండి!