ఇంటిగోడకు చెక్క తొడుగు



ఇల్లు కట్టబూనినప్పుడు మన పెద్దలు మొదట చూచుకొనునవి రెండు: నేల గట్టిదా, నీరు ఎటు పోవును అనునవి. గోడ ఎంత గట్టిదైనను నీరు దానిలో నిలిచినచో ఆ ఇల్లు నిలువదు. ఈ సత్యమును మట్టిగోడల దేశమువారు ఒక విధముగా నేర్చిరి, కొయ్యగోడల దేశమువారు వేరొక విధముగా నేర్చిరి. కొయ్యగోడలవారు నేర్చినదేమి, దానిని మరచినచోట కలిగిన నష్టమేమి అనునదే నేటి ప్రసంగ విషయము. మన ఊళ్ల బిడ్డలలో కెనడాకు, న్యూజీలాండుకు పోయి ఇండ్లు కొనుచున్నవారు గలరు. కావున ఇది మనకు కేవలము పరదేశపు ముచ్చట కాదు.

ఐరోపాఖండమున ఉత్తరపు కొనను నార్వే దేశము కలదు. దాని పడమటి తీరమున బెర్గెన్ అను నగరమున్నది. మన కోస్తా జిల్లాలలో ఏటికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురియగా, అచట 2000 మిల్లీమీటర్లకు మించి కురియును. మన వాన కొద్ది నెలలలో ముగియును, ఆపై ఎండ వచ్చి గోడను ఆరబెట్టును. అచటి వాన ఏడాది పొడుగునను పడుచుండును. సముద్రపు గాలి ఆ జల్లును అడ్డముగా తెచ్చి గోడకు కొట్టును. ఎండయా, స్వల్పము. అట్టిచోట ఇండ్లలో పెక్కులు కొయ్యతో కట్టినవి. అవి తరతరములు నిలిచియున్నవి. ఎట్లు?

వానలో నాట్లు వేయు కూలీలు వీపున తాటాకు గిడుగును వేసికొనుట మీరెరిగినదే. గిడుగు వానను ఆపును గాని ఒంటికి అంటుకొనదు. గిడుగునకు వీపునకు నడుమ గాలి ఆడుచుండును. ఒకటి రెండు చినుకులు లోనికి వచ్చినను ఆ గాలికే ఆరిపోవును. నార్వేవారు తమ గోడలకు చేసినదిదియే. ఇంటిని నిలుపు గోడ ఒకటి. వానను కాయు పలకల తొడుగు ఒకటి. రెంటి నడుమ అంగుళమంత గాలిసందు. పూర్వము దూలములు పేర్చి కట్టిన గోడలకు వెలుపల పలకలు కొట్టెడివారు. తరువాతి కాలమున శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి సూత్రీకరించిరి. 1962లో నార్వేవాడైన బిర్కెలాండ్, 1963లో కెనడాకు చెందిన గార్డెన్ అనువారు ఈ విషయమున వ్రాసినవి నేటికిని గృహనిర్మాణజ్ఞులకు ఆధారములు.

సందు ఎందులకు? నీరు గోడలోనికి పోవుటకు దారులు పెక్కులు. పైనుండి జారి పోవుట ఒకటి. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు సన్నని చీలిక నీటిని లోనికి పీల్చుట రెండవది. గాలి ఒత్తిడి నీటిని చీలికగుండ నెట్టుట మూడవది. తొడుగు వెనుక సందున్నచో పీల్చుకొన్న నీరు గోడవరకు చేరలేదు. సందులోనే క్రిందికి జారిపోవును. సందులో గాలి నిండియుండుటచే బయటి ఒత్తిడికి లోపలి ఒత్తిడి చాలవరకు సాటియగును. ఇక మిగిలిన చెమ్మను క్రిందినుండి పైకి పోవు గాలి ఆరబెట్టును. దండెమున వేసిన తడిబట్ట ఆరును. మడిచి పెట్టెలో పెట్టిన తడిబట్ట బూజు పట్టును. కొయ్యయు నంతే. దానిలోని తేమ నూటికి 20 వంతులకు లోబడియున్నంతకాలము కుళ్లు పట్టదు.

ఇక వడ్రంగి ఈ పనిని చేయు క్రమమును వినుడు. ఇంటికి ఆధారము కొయ్య నిట్టాళ్ల చట్రము. దానికి వెలుపల గుడ్డవంటి పలుచని పొరను పరచుదురు. అది బయటి నీటిని లోనికి రానీయదు, లోపలి ఆవిరిని మాత్రము బయటికి పోనిచ్చును. పెంకు కప్పినట్లు, పైపొర అంచు క్రిందిపొర అంచుమీదికి రావలెను. తరువాత నిట్టాళ్లున్నచోటనే, సుమారు 60 సెంటీమీటర్ల కొకటిగా నిలువు బద్దలు కొట్టుదురు. బద్దల మందము 20 మొదలు 25 మిల్లీమీటర్లు. ఈ మందమే గాలిసందు. వీటిపై అడ్డపలకలను క్రిందినుండి పైకి కొట్టుకొనిపోవుదురు. పలకలను నిలువుగా కొట్టదలచినచో అడ్డబద్దలు కావలెను గాని, అడ్డబద్ద గాలిదారిని మూయును. కావున ముందు నిలువు బద్దలు, వాటిపై అడ్డబద్దలు, ఆపై పలకలు. ఇచట ఒక వరుస బద్దలకు లోభించినవాడు గోడ ఊపిరిని కట్టినవాడగును.

పలకలు సుమారు 20 మిల్లీమీటర్ల మందమున్నవై, చెట్టు నడిబొడ్డు వైపున్న ముఖము బయటికి వచ్చునట్లు కొట్టవలెను. పైపలక క్రిందిపలకను 25 మిల్లీమీటర్ల మేర కప్పవలెను. కొయ్య తడికి ఉబ్బును, ఎండకు కుదియును. కావున ఒక పలకకు కొట్టిన మేకు దాని క్రిందనున్న పలక అంచును తాకరాదు. రెండంచులను బిగించిన పలక చీలక మానదు. మేకులు జింకుపూత గలవో, తుప్పుపట్టని ఉక్కువో కావలెను. కోసిన కొనలు నీటిని మిక్కిలి త్రాగును గాన, కొట్టుటకు ముందే వాటికి రంగు పట్టింపవలెను. కిటికీల పైభాగమున వెలుపలికి వాలు గల రేకును అమర్చవలెను. నేలనుండి చిందు నీరు తగులకుండుటకు తొడుగును సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఆపవలెను. సందు క్రిందను, చూరువద్దను తెరచి యుండవలెను. పురుగులు, ఎలుకలు దూరకుండ క్రింద జాలి కట్టినచో చాలును.

ఈ సందువలన ఒక ముప్పు కలదు. గాలి పోవు దారి నిప్పునకును దారియే. ఇల్లంటుకొన్నచో సందు పొగగొట్టమువలె మంటను పైకి లాగును. బెర్గెన్ నగరము 1702లోను, 1916లోను ఘోరముగా తగులబడినది. కొయ్యనగరములకు నిప్పు ఎట్టి శత్రువో వారెరుగుదురు. 2017 జూన్ 14న లండన్ నగరమున గ్రెన్‌ఫెల్ అను ఎత్తైన భవనము కాలి 72 మంది మరణించిరి. ఆ తొడుగు కొయ్య కాదు, నడుమ ప్లాస్టిక్ గల అల్యూమినియము రేకులు. కాని దానివెనుకను గాలిసందు కలదు, ఆ సందులో నిప్పునకు సరియైన అడ్డు లేదు. కావున అంతస్తులుగల ఇంటిలో అంతస్తున కొకచోట అడ్డు ఉండవలెను. మామూలుగా గాలిని పోనిచ్చి, వేడి తగులగనే ఉబ్బి సందును మూయు అడ్డులు నేడు లభించుచున్నవి.

ఈ సూత్రమును విడిచినచో ఏమగునో న్యూజీలాండు దేశము చూపినది. 1990 తరువాతి దశకమున అచట కొయ్యచట్రముపై నేరుగా సిమెంటు రేకులనో, నురుగుపలకలనో బిగించి, పైన నున్నని పూత పూసి ఇండ్లు కట్టిరి. చూరులు తగ్గించిరి. సందు విడువలేదు. చట్రపు కొయ్యకు కుళ్లు పట్టకుండ మందు పట్టించుటయు అనేకచోట్ల మానిరి. చూచుటకు ఆ గోడలు పాలరాతి పెట్టెలవలె నుండెను. పూత చీలినచోట నీరు దూరినది; వెలికి వచ్చు దారి లేకపోయినది. గోడ తెరచి చూడగా నిట్టాళ్లు చేతితో పొడిచేయదగినట్లు కుళ్లి యుండెను. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము పెట్టి కొన్నవారు ఆ ఇండ్లలో ఉండనూ లేక, అమ్మనూ లేక తపించిరి. 2002లో విచారణ సంఘము నివేదిక నిచ్చెను; 2004లో కొత్త గృహనిర్మాణ చట్టము వచ్చెను. ముప్పు అధికముగానుండు గోడలకు సుమారు 20 మిల్లీమీటర్ల సందును నియమించిరి. 2009 నాటి ఒక అంచనా ప్రకారము చెడిన ఇండ్లు సుమారు 42,000. వాటి నష్టము 1130 కోట్ల న్యూజీలాండు డాలర్లు. అంగుళపు సందును మిగిల్చుకొన్నందుకు చెల్లించిన మూల్యమది.

కావున దూరదేశమున ఇల్లు కొను బిడ్డకు ఉత్తరము వ్రాయునప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఆ ఇల్లు ఏ సంవత్సరమున కట్టినది? తొడుగు వెనుక గాలిసందు కలదా? తొడుగు అడుగంచు నేలకు తగులుచున్నదా? చూరు గోడను దాటి బయటికి వచ్చినదా? వీనికి జవాబు దొరకనిచో, తెలిసినవానిచేత గోడ తేమను పరీక్షింపజేయక బయానా ఈయవలదని చెప్పుడు.

మన ఊళ్లలో గోడలకు పలకలు కొట్టుడని నేను చెప్పుట లేదు. మనకు చెదల బాధ కలదు, ఎండ తీక్ష్ణము, కొయ్య ప్రియము. కాని సూత్రము మనకును వర్తించును. తీరప్రాంతపు చుట్టిళ్లకు చూరును మనిషి వంగి పోవునంత క్రిందికి దించుట జల్లునుండి మట్టిగోడను కాచుటకే. గోడకు మట్టిపూత, సున్నము పూయుటవలన చెమ్మ బయటికి పోవుటకు వీలు కలిగెడిది. నేడు కొందరు మట్టిగోడ శాశ్వతము కావలెనని దానిపై సిమెంటు పూయించుచున్నారు. సిమెంటు బీటలు వారును. బీటలలో నీరు దిగును. నేలనుండియు చెమ్మ ఎక్కును. దానికి వెలికి దారి లేదు. కొన్నాళ్లకు పూత పెచ్చులుగా ఊడును, లోన మట్టి మెత్తబడియుండును. పైకి గట్టిగా కనబడు గోడ ఒక తుపాను రాత్రి కూలవచ్చును.

మట్టిగోడ గల ఇంటివారు వానలకు ముందే చూరును సరిచేసికొనుడు. గోడ మొదట నీరు నిలువకుండ కాలువ తీయుడు. జల్లు కొట్టు దిక్కున తాటాకు దడి కట్టినచో, గోడకు ఆనింపక జానెడు ఎడముగా కట్టుడు. పూత మట్టితోనో సున్నముతోనో చేయుడు. నీటిని రానీయకుండ చేయుట సగము పనియే. వచ్చిన నీరు పోవుటకు దారి విడుచుట మిగిలిన సగము. బెర్గెన్ వడ్రంగి అంగుళపు బద్దతో చేయునదియు, మన తాతలు దించిన చూరుతో చేసినదియు ఈ పనియే.