బడికి వచ్చిన ఇంటర్నెట్ పిల్లలకు అందుతున్నదా?

దేశంలోని పాఠశాలలలో 2023-24లో 53.9 శాతానికి ఇంటర్నెట్ సౌకర్యం ఉండగా, 2024-25లో అది 63.5 శాతానికి పెరిగిందని కేంద్ర విద్యాశాఖ యుడైస్ ప్లస్ నివేదికలు తెలుపుతున్నాయి. గ్రామీణ ప్రాంతాలలోని ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలన్నింటికీ భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ కల్పించనున్నట్లు 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. అయితే కనెక్షన్ ఉన్నంత మాత్రాన అది ప్రతి విద్యార్థికీ అందుతున్నదని చెప్పలేము.

వేగం లెక్క

2023లో సవరించిన నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొనుటకు కనీస డౌన్‌లోడ్ వేగం సెకనుకు 2 మెగాబిట్లు. తరగతిలో ఒకే తెరపై వీడియో పాఠం చూపుటకు ఇది చాలవచ్చు. నలభై మంది విద్యార్థులు ఒకేసారి వాడితే మాత్రం ఒక్కొక్కరికి దక్కేది అందులో నలభయ్యవ వంతే. ఒకే కుళాయి కింద నలభై బిందెలు పెట్టినట్లు, ఏదీ నిండదు. అదే 100 మెగాబిట్ల కనెక్షన్ అయితే ఒక్కొక్కరికి రెండున్నర మెగాబిట్లు వస్తాయి.

తెలుగు పిల్లలకు ప్రయోజనం

ముంబయి మహానగరపాలిక తెలుగుతో సహా ఎనిమిది మాధ్యమాలలో పాఠశాలలు నడుపుతున్నది. అయినా ఇంటిలో తెలుగు మాట్లాడే పిల్లలలో ఇతర మాధ్యమాలలో చదువుతూ తెలుగు లిపికి దూరమవుతున్నవారు ఉన్నారు. 2017లో ప్రారంభమైన ‘దీక్షా’ వేదికలో తెలుగు పాఠాలు కూడా లభిస్తాయి. బడిలో తగిన వేగం ఉంటే వీటిని అక్కడే చూడవచ్చు. డౌన్‌లోడ్ చేసుకొని ఇంటర్నెట్ లేనప్పుడు కూడా చదువుకొనవచ్చు.

తల్లిదండ్రుల హక్కు

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలలలో యాజమాన్య కమిటీ ఉండాలి. మరాఠీలో దీనిని ‘శాళా వ్యవస్థాపన్ సమితి’ అంటారు. సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది స్త్రీలు ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను సిద్ధం చేసేదీ, నిధుల వినియోగాన్ని పరిశీలించేదీ ఈ కమిటీయే.

కమిటీలో అడుగదగిన ప్రశ్నలు ఇవి:

• కనెక్షన్ వేగమెంత? ఎన్ని పరికరాలు దానిని పంచుకుంటున్నాయి?
• అది ప్రధానోపాధ్యాయుల గదికే పరిమితమా, తరగతి గదులకు చేరుతున్నదా?
• చెడిపోతే బాగుచేయించే బాధ్యత ఎవరిది? నెలవారీ రుసుము ఏ నిధి నుండి చెల్లిస్తున్నారు?

మరాఠీ రాదన్న సంకోచంతో తల్లిదండ్రులు ఈ సమావేశాలకు దూరంగా ఉండుట తగదు. భాష తెలిసిన ఇరుగుపొరుగువారి సాయంతో ప్రశ్నలను ముందే వ్రాయించుకొని వెళ్లవచ్చు. అడిగేవారు లేని బడిలో ఇంటర్నెట్ నెలల తరబడి పనిచేయకపోయినా ఎవరికీ పట్టదు. ఆ నష్టం పిల్లలదే.