పెయింట్‌ చెదరకుండా ప్యానెల్‌ కటింగ్‌

ప్యానెల్‌ బోర్డులు, ఆటోమేషన్‌ రంగంలో ఉద్యోగం చూస్తున్నారా? అయితే ఈ పని మీకు తప్పకుండా తగులుతుంది: ‘ఈ డోర్‌కు ఇంకో పుష్‌బటన్, ఒక మీటర్‌ పెట్టాలి, కటౌట్‌ తియ్యి’. చూడ్డానికి చిన్న పనే. కానీ అది పౌడర్‌ కోటింగ్‌ పూర్తయిన డోర్‌. పెచ్చు లేస్తే పూత మళ్లీ వేసి ఓవెన్‌లో పెట్టాలి. కన్నం పెద్దదైతే డోరే మార్చాలి.

డేటాషీట్‌ చూశాకే డ్రిల్‌

22 ఎంఎం పుష్‌బటన్‌కు సాధారణంగా 22.5 ఎంఎం రంధ్రం కావాలి. 96×96 ఎంఎం మీటర్‌కు కటౌట్‌ 92×92 మాత్రమే. మీటర్‌ ముఖం కొలిచి 96కి కోశారో, మీటర్‌ లోపలికి జారిపోతుంది! డోర్‌ మూస్తే వెనకున్న పరికరాలకు తగులుతుందేమో కూడా ముందే చూసుకోవాలి.

గుండ్రటి కన్నం ఇలా..

సప్లై ఆపి, లోపలి పరికరాలను కప్పేయండి. పెయింట్‌పై మాస్కింగ్‌ టేప్‌ అతికించి, దాని మీదే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. సెంటర్‌ పంచ్‌ కొడితే డ్రిల్‌ బిట్‌ జారదు. ముందు 3 ఎంఎం బిట్, తర్వాత స్టెప్‌ డ్రిల్‌ లేదా హోల్‌సా. వెనక చెక్క ముక్క ఆనించి, చుక్క నూనె వేసి, తక్కువ వేగంతో తిప్పాలి. కళ్లద్దాలు తప్పనిసరి. తిరిగే డ్రిల్‌ దగ్గర గ్లవ్స్‌ మాత్రం వద్దు. చిక్కుకుంటే చెయ్యి కూడా లాగేస్తుంది.

చదరం కోయాలంటే..

గీత లోపల నాలుగు మూలలా రంధ్రాలు వేసి, సన్న పళ్ల జిగ్‌సా బ్లేడుతో గీతకు కాస్త లోపలే కోయండి. జిగ్‌సా అడుగు రేకుకూ టేప్‌ చుడితే గీతలు పడవు. మిగిలింది ఆకురాయితో సరిచేయాలి. పెయింట్‌ వైపు నుంచి లోపలికే తోయండి, ఎదురు తోస్తే పూత లేస్తుంది. యాంగిల్‌ గ్రైండర్‌ జోలికి వెళ్లొద్దు. నిప్పురవ్వలు పెయింట్‌ను కాల్చేస్తాయి, అంటుకున్న ఇనుప రేణువులు తర్వాత తుప్పు మరకలవుతాయి.

అసలు పని చివర్లోనే

అంచు వెంట ఉన్న గరుకంతా తీసేయండి. లేదంటే గాస్కెట్‌ సరిగా కూర్చోదు, నీళ్లు, దుమ్ము లోపలికి దిగుతాయి. బయటపడ్డ ఇనుముకు ప్రైమర్, ఆపై టచప్‌ పెయింట్‌ వేయాలి. ఇనుప రజనును వ్యాక్యూమ్‌తో లాగాలి. గాలి కొడితే అది కాంటాక్టర్లు, పీఎల్‌సీల్లోకి దూరి షార్ట్‌ సర్క్యూట్‌కు దారితీయొచ్చు.

ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఫ్యాబ్రికేషన్‌ షాపులో పెయింట్‌ వేసిన తుక్కు రేకు అడిగి తెచ్చుకుని, కాలేజీ వర్క్‌షాప్‌లో ఇన్‌స్ట్రక్టర్‌ ముందు ఒక గుండ్రటి, ఒక చదరపు కన్నం తీయండి. బటన్‌ బిగించి ఫొటో తీసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ‘ప్రాక్టికల్‌గా ఏం చేశావు?’ అంటే 92 ఎందుకో, 96 ఎందుకు కాదో చేసి చూసినవాళ్లు తడుముకోకుండా చెప్పగలరు.