కుంటాల త్రోవ

నస్పూరు కార్మికవాడలలో ఆదివారము ఒక ప్రశ్నతో తెల్లవారును: ‘ప్లే డే’కు పోవుటయా, మానుటయా? వారపు సెలవునాడు గనిలో దిగి చేయు పనికి సింగరేణి కార్మికులు పెట్టుకొన్న పేరు అది. ఆటదినమని అర్థము వచ్చు ఆ మాట వారి నోట అదనపు కూలి దొరకు కష్టదినమునకు చెల్లుచున్నది. ఇల్లు గడచుటకు ఆ డబ్బు అక్కర. అయినను ఆషాఢము వచ్చి నాలుగు వానలు గట్టిగా కురిసిన పిదప, ఆ మస్టరు వదలుకొనువారును ఉందురు. ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని, సద్ది మూటగట్టుకొని, వారు జలపాతములను చూడబోవుదురు.

నస్పూరు మంచిర్యాలను ఆనుకొని యున్న బొగ్గుగనుల ఊరు. ఉత్తరమున అడవిగుట్టలు, దక్షిణమున గోదావరి, నడుమ శ్రీరాంపురము గనులు. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలో ఒక మారుమూల గ్రామమైన ఈ ఊరిలో 2023లో మంచిర్యాల జిల్లా కలెక్టరు కార్యాలయ భవనము తెరువబడెను. 2025లో ఊరు మంచిర్యాల నగరపాలక సంస్థలో కలిసిపోయెను. కాగితముల మీద నగరమైనను, దాని జీవితము నేటికిని గని సైరను కూతతో ముడివడియే యున్నది.

గనిని ఇచ్చటివారు ‘బాయి’ యందురు. బావి యను మాటకు అది మారురూపము. నీటికొరకు త్రవ్వునది బావి. ఈ బాయిలో మాత్రము నీరు శత్రువు. బొగ్గుపొరలకు పైని, క్రిందను ఉన్న ఇసుకరాతి పొరలలో నీరు ఊరుచుండును. రాత్రింబగళ్లు పంపులు దానిని తోడి పైకి పోయవలసినదే. తోడుట ఆగినచో పని ఆగును. పాతబడి నీరు నిండిన గనులకు చేరువగా పని సాగినచో ప్రాణమునకే ముప్పు. 2003 జూన్‌లో గోదావరికి ఆవలి యొడ్డున గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి ఒక్కసారిగా నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ సంగతి ఎరుగని గని కుటుంబము ఈ ప్రాంతమున ఉండదు. వారమున ఆరు దినములు చీకటిలో నీటిచప్పుడునకు జడిసి చెవియొగ్గి పనిచేయు మనిషి, ఏడవనాడు వెలుతురులో నీటిచప్పుడు వినుటకై పోవుచున్నాడు. విచిత్రముగ తోచినను ఇది సహజమే. భయపెట్టిన దానిని వెలుగులో, ఆలుబిడ్డల నడుమ నిలిచి చూచుట యందు ఒక ఊరట కలదు.

పోవుటకు దారులు రెండు. దగ్గరిది గోదావరి దాటి పోవునది. ఇందారము మీదుగా వంతెన దాటి, గోదావరిఖని, రామగుండము గడచి, బసంతనగరము చేరువనున్న సబ్బితమునకు పోవచ్చును. అచ్చటి గుట్టలమీదినుండి గౌరీగుండము జలపాతము దూకుచుండును. అది వానకాలపు చుట్టము. వాన వెలసిన కొలదినాళ్లకే సన్నగిల్లి, వేసవికి బండమీద మరక మాత్రమై మిగులును. బండి దిగినవారు పొలముగట్ల వెంబడి, రాళ్ల నడుమ కాలిబాటన నడచి పోవలసినదే. ఆ కొద్దిపాటి నడకయే దానికి అందము.

రెండవది దూరపు దారి. మంచిర్యాలనుండి లక్సెట్టిపేట, జన్నారము, కడెము, ఖానాపురముల మీదుగా నిర్మల్ చేరవలెను. జన్నారము పరిసరములలో దారి కవ్వాల్ అభయారణ్యమును తాకుచు పోవును. 2012లో పెద్దపులుల సంరక్షణకేంద్రముగ ప్రకటింపబడిన అడవి అది. టేకుచెట్ల పెద్ద ఆకులపై వాన పడునపుడు వినవచ్చు చప్పుడు మరియే అడవిలోను వినరాదని ఇచ్చటివారి గర్వము. పొనికి కర్రతో బొమ్మలు చేయు నిర్మల్ దాటి, మహబూబు ఘాటు మలుపులెక్కి, నేరడిగొండ చేరి, అచ్చటినుండి ప్రక్కదారిన 12 కిలోమీటర్లు పోయినచో కుంటాల వచ్చును. అడవి నడుమ వందల మెట్లు దిగవలెను. నీరు కంటబడుటకు ముందే దాని హోరు చెవిని పడును.

కడెము నది ఇచ్చట 45 మీటర్ల ఎత్తునుండి నల్లని బండలమీదుగా అంచెలంచెలుగా దూకుచున్నది. తెలంగాణములో ఇంతకు మించిన ఎత్తుగల జలపాతము లేదని ప్రసిద్ధి. పేరునుగూర్చి రెండు మాటలు చెప్పుదురు. దుష్యంతుని రాణియైన శకుంతల ఇచ్చట విహరించినది గనుక కుంటాల యైనదని ఒక కథ. గోండుభాషలోను తెలుగులోను కుంట యనగా నీటిమడుగు, అట్టి మడుగులు పెక్కు గలది గనుక కుంటాల యని మరియొక వివరణ. మొదటిది మనసునకు నచ్చును, రెండవది కంటికి కనబడును. జలపాతము చెంత గుహలో సోమేశ్వరుడు వెలసియున్నాడు. శివరాత్రినాడు చుట్టుప్రక్కల పల్లెలనుండి జనము వచ్చి కొలిచిపోవుదురు. విహారయాత్రికులు రాకపూర్వమే ఈ మెట్లదారికి యాత్రికులు ఉండిరన్నమాట.

ఇచ్చట దూకిన నీరు ఎచ్చటికి పోవును? పిల్లలు అడుగు ఈ ప్రశ్నకు జవాబు వారు వచ్చిన దారిలోనే కలదు. కుంటాల దిగువన కడెము జలాశయము. 1949లో మొదలై 1965నాటికి పూర్తియైన ఆ ఆనకట్ట, కట్టుచుండగానే 1958లో వరద పైకెక్కి పొర్లి తెగిపోయెను. మరల కట్టిరి. 2022 జూలైలో వచ్చిన వరద 18 గేట్ల సామర్థ్యమును మించి పైనుండి పొర్లెను. దిగువ పల్లెల ప్రజలు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. ఆనకట్ట మాత్రము ఈ పర్యాయము నిలిచెను. కడెము నీరు గోదావరిలో కలిసి, ఎల్లంపల్లి జలాశయము నిండించి, మంచిర్యాలను ఒరసికొని, నస్పూరు దక్షిణపుటంచున సాగిపోవును. ఆ జూలైలోనే మంచిర్యాల పల్లపువాడలు మునిగినవి. కుంటాలలో ఆదివారమునాడు చూచి మురిసిన నీరే వారము మధ్యన ఇంటివెనుక నది యై పారుచుండును. ఇది తెలిసినవానికి జలపాతము వినోదస్థలము మాత్రమే కాదు. తన ఇంటి నీటికి పుట్టినింటివంటిది.

ఈ సందర్భమున సముద్రములకు ఆవలనున్న ఒక నగరమును తలచుట తగును. జపానులో కోబే రేవుపట్టణము కలదు. ముందు సముద్రము, వెనుక రొక్కో పర్వతము. 1972లో తెరువబడిన షిన్ కోబే రైలుస్టేషను వెనుకనుండియే ఒక కొండదారి మొదలై, పావుగంట నడకలో నునొబికి జలపాతములకు చేర్చును. నునొబికి యనగా వస్త్రమును సాచుట యని భావము. నాలుగు జలపాతముల వరుసలో పెద్దది 43 మీటర్లు. కుంటాలకంటె రెండు మీటర్లు తక్కువ. పదవ శతాబ్దినాటి ఇసె కథలలోనే దాని ప్రస్తావన యున్నది. దానికి కొంత పైగా 1900లో కట్టిన ఆనకట్ట జపానులో మొట్టమొదటి కాంక్రీటు ఆనకట్టగ పేరొందినది. నగరమునకు త్రాగునీటి కొరకు కట్టినది అది. జలపాతమును చూడబోవు మార్గమును, కొళాయినీటి పుట్టుకను చూడబోవు మార్గమును ఒక్కటే.

కోబేవారికి ‘ప్రతిదినపు కొండయెక్కుట’ యను అలవాటు కలదు. తెల్లవారకముందే లేచి, ఇంటి వెనుకనున్న కొండ యెక్కి, దారిలోని తేనీటిశాలవంటి చోటునగల పుస్తకములో సంతకముపెట్టి దిగివచ్చి, తమ తమ పనులకు పోవుదురు. నునొబికి చెంతను అట్టి పాత తేనీటిశాల యొకటి కలదు. జపానుకు కొండలు ఎక్కువ గనుక ఇది సాధ్యమనుట పొరపాటు. కొండలున్న ఊర్లు లోకమున కోకొల్లలు. కాలిబాటను చదునుగా నుంచి, జారు చోట కటకటాలు కట్టి, అన్నిటికంటె మిన్నగా నీటిలో దిగక నీటిని చూచుటయే సంపూర్ణానుభవమని తరతరములుగా నేర్చుకొనుట వలన అది సాధ్యమైనది.

కుంటాలకు కొరవడినది ఎత్తు కాదు, అందము కాదు. కొరవడినది ఈ కట్టుబాటే. సెలవునాడు నవ్వుచు ఇంటినుండి బయలుదేరిన యువకులు ఇచ్చటి మడుగులలో మునిగి తిరిగిరాని సంఘటనలు ఒకటి రెండు కావు. ఈతవచ్చినవారును అందులో ఉండిరి. కారణము తెలియనివారు దానిని గుండములోని దేవత ఆకలి యందురు. కారణము నీటి నడతలోనే కలదు. ఎత్తునుండి పడు నీరు ఏండ్ల తరబడి అడుగురాతిని తొలిచి లోతైన గుంట చేయును. పడిన నీరు అడుగునకు పోయి, దూరముగ పైకిలేచి, పైపొరలో మరల జలపాతము వైపునకే మరలును. ఆ చక్రములో చిక్కినవాడు ఒడ్డువైపు ఎంత బారవేసినను ధారక్రిందికే లాగబడును. తెల్లని నురుగు సగము గాలి. గాలి కలిసిన నీరు మనిషిని తేల్చజాలదు. అంచున బండలపైని నాచు కంటికి కనబడదు, కాలికి మాత్రమే తెలియును, తెలియునప్పటికి ఆలస్యమగును.

మరియొక మోసము ఆకాశముది. కుంటాలలో ఎండ కాయుచుండగ, పైన బోథ్, బజార్‌హత్నూరు ప్రాంతములలో వాన కురియవచ్చును. ఆ నీరు చెప్పక వచ్చును. తేటనీరు ఎర్రబారినను, ఆకులు పుల్లలు కొట్టుకొని వచ్చినను, హోరు స్వరము మారినను, ఆ క్షణమే బిడ్డలను పిలుచుకొని మెట్లమీదికి చేరవలెను. గనిలో కప్పు చిటపటలాడినచో ముందుగ వెనుకకు జరుగుట, కారణము తరువాత విచారించుట ప్రతి కార్మికుడును ఎరిగిన పాఠమే. నస్పూరునుండి వచ్చువాడు ఆ పాఠమును ఈ ఒడ్డునను మరువకున్న చాలును.

కట్టుబాటును నేర్చుటకు జపాను వరకు పోవలసిన పనియు లేదు. ఇదే అడవిలో, ఇదే నీటిచుట్టు, ఇంతకంటె గంభీరమైన నడక యొకటి ఏటేట సాగుచున్నది. పుష్యమాసమున కేస్లాపురములో నాగోబా జాతరకు ముందు మెస్రం వంశపు గోండులు పవిత్రజలము కొరకు బయలుదేరుదురు. చెప్పులు లేని పాదములతో, వరుస తప్పక, గుట్టలు వాగులు దాటి దినముల తరబడి నడచి, జన్నారము చెంత కలమడుగునొద్ద గోదావరిలోని హస్తినమడుగు చేరుదురు. అచ్చట నీటికి మ్రొక్కి, కలశమున నింపుకొని, వచ్చినట్లే నడచి పోవుదురు. అమావాస్య రాత్రి ఆ జలముతోనే నాగోబాకు అభిషేకము. అంతదూరము నడచినవారు తెచ్చునది ఒక కలశపు నీరే. నీటిని అనుభవించుట యన్న అందులో పడి కొట్టుకొనుటయే యని తలచువారికి ఆ నడక జవాబు చెప్పుచున్నది.

కావున కుంటాలకు కావలసినవి గొప్ప కట్టడములు కావు. పైకెక్కుటకును దిగుటకును జారని మెట్లు, దాటరాని చోట గట్టి కటకటాలు, వానదినములలో ఎగువ వార్త దిగువకు అందించు ఏర్పాటు, ఆ అడవి ఎరిగిన స్థానిక యువకులకు కాపలాదారులుగ జీతము. వీనికి పట్టు ఖర్చు స్వల్పము. మిగిలినది చూడవచ్చువారి చేతిలోనిది. నీటికి పదిగజముల దూరమున కూర్చుండి సద్ది విప్పుకొనుట పిరికితనము కాదు. మడుగు లోతును తన ప్రాణముతో కొలువకుండుట వివేకము.

సాయంకాలము కడెము కాలువల మీదుగా, టేకుచెట్ల చీకటిలో బండ్లు తిరిగివచ్చును. పిల్లలు ఒడిలో నిదురపోవుదురు. తడిసిన అంగీలు కిటికీ చువ్వలకు ఆరుచుండును. నస్పూరు చేరుసరికి రాత్రి షిఫ్టుకు సైరను కూయును. ఇంటిలో బిడ్డను పడుకొనబెట్టి, టోపీదీపము కొరకు బయలుదేరు కార్మికుడు ఆ ఆదివారపు అదనపు కూలిని పోగొట్టుకొన్నవాడే. కాని అతడు గనిలోనికి దిగినపుడు, ఎక్కడో పంపు నీరు తోడుచున్న చప్పుడు వినబడును. ఆ రాత్రి ఆ చప్పుడులో భయము ఒక పాలు తగ్గి, మెట్లమీద చేయి పట్టుకొని నిలిచిన బిడ్డ నవ్వు ఒక పాలు కలిసియుండును. ఇంటిల్లిపాదియు పోయినవారు పోయినట్లే తిరిగివచ్చిరి గనుక అతనికి ఆ నవ్వు దక్కినది. ఏ జలపాతయాత్రకైనను అంతకు మించిన ఫలము లేదు.