ఇచ్చిపుచ్చుకొనే బంతి

పదేళ్ల పిల్లలకు ఒక బంతినిచ్చి మైదానంలో వదిలితే ఏమవుతుందో అందరికీ తెలిసినదే. బెల్లం చుట్టూ చీమల వలె అందరూ బంతి చుట్టూ మూగుతారు. బంతి చిక్కినవాడు తల వంచుకొని, ఎదురైన వారినందరినీ తప్పించుకుంటూ, తానొక్కడే గోలు వరకు పోవాలని చూస్తాడు. గట్టున నిలిచిన పెద్దలు అతణ్ణే మెచ్చుకుంటారు. బంతిని వదులుకోవడం కూడా ఒక విద్యేనని ఆ బాలునికి ఎట్లా చెప్పడం?

హైదరాబాదులో ఒక ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నకు మాటలతో గాక నియమాలతో సమాధానం చెప్పారు. సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పాఠాలు చెప్పినవారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో నగర పోలీసు జట్టు శిక్షణ చేపట్టారు. ఆ జట్టు 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కుర్రవాళ్లకు విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయరాదు. మరొకదానిలో అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలి.

చూడ్డానికి ఆటవిడుపులా ఉన్నా ఈ నియమాలలో లోతుంది. డ్రిబ్లింగ్ లేనప్పుడు, బంతి తనను చేరకముందే తలయెత్తి తోటివారు ఎక్కడున్నారో చూసుకోక తప్పదు. బంతి ఇచ్చినవాడు నిలబడిపోతే తిరిగి అందుకునే దిక్కుండదు గనుక పరుగెత్తకా తప్పదు. తక్కిన ఇద్దరు ముగ్గురు కూడా అతనికి దారి చూపేలా జరుగుతారు. ఉపన్యాసాలతో ఒంటబట్టని త్రికోణాలు తమంత తామే ఏర్పడతాయి. ఇక రెండో కాలి సంగతి: ఎడమ అంచున పరుగెత్తే బాలునికి కుడికాలు తప్ప రాకపోతే, బంతిని లోపలికి మళ్లించుకునేలోగా ఎదుటి రక్షకులు సర్దుకుంటారు.

మైదానపు అంచును ఇంగ్లీషువారు వింగ్ అన్నారు. ‘రెక్క’ అని తెలుగు చేస్తే అర్థం చెడదు గాని, ఎవరూ వాడని మాటతో పాఠకుణ్ణి బాధించడం ఎందుకు? అంతర్జాతీయ పోటీల మైదానం వెడల్పు 64 నుండి 75 మీటర్లు. బాలలకు గీసే మైదానం అంతకన్నా చిన్నది. అందులోనూ సగాన్ని ఖాళీగా వదిలేసి నడుమనే కుమ్ములాడుకుంటారు. ఒకడు అంచు గీతను అంటిపెట్టుకొని నిలిస్తే, అతణ్ణి కాయడానికి రక్షకుడొకడు మధ్యనుండి కదలవలసివస్తుంది. అక్కడ సందు పుడుతుంది. బంతి రాకపోయినా అతడు పని చేస్తున్నట్లే. పావుగంట సేపు బంతి అందని బాలునికి ఈ సంగతి నచ్చజెప్పడం కంటె శిక్షకుని ఓర్పుకు వేరే పరీక్ష లేదు.

అంచు వెంట గోలు గీత దాకా పోయినవాడు బంతిని గాలిలోకి ఎత్తి కొడితే ముచ్చటగానే ఉంటుంది. కాని చిన్నపిల్లలకు అది తగదు. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లో 10 ఏళ్లు, అంతకు లోపు వారికి తలతో కొట్టడాన్ని నిషేధించింది కూడా. నేలబారుగా వెనుకకు తిప్పి ఇచ్చే పాస్ మేలు. అప్పటికి రక్షకులు తమ గోలు వైపే ముఖం పెట్టి పరుగెత్తుతుంటారు. మన ఆటగాడేమో బంతికి ఎదురువస్తాడు. పైగా బంతికి వెనుకనున్న వానికి ఆఫ్‌సైడ్ వర్తించదు.

ఇంతమాత్రాన డ్రిబ్లింగ్‌ను మాన్పించాలనడం పొరపాటు. ఎదుటివాణ్ణి ఒంటరిగా దాటలేని వింగర్ వల్ల ఏం ప్రయోజనం? 1962 జకార్తా ఆసియా క్రీడలలో రహీం జట్టుకు కుడి అంచున పి.కె. బెనర్జీ ఉన్నాడు, ఎడమవైపు సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచినప్పుడు మొదటి గోలు బెనర్జీదే, రెండోది జర్నైల్ సింగ్‌ది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో, రహీం కాన్సర్‌తో మరణించారు. ఆ తరువాత మన పురుషుల జట్టుకు ఆసియా క్రీడలలో దక్కినది 1970 నాటి కాంస్యమొక్కటే. దీనికి కారణాలు అనేకం, ఒక్కదాన్నే తప్పుపట్టలేము. అయినా, పన్నెండేళ్ల వారి పోటీలో అందరికన్నా పొడగరి అయిన కుర్రవానికి బంతిని అప్పగించి కప్పు గెలుచుకునే పద్ధతి నేటికీ మన ఊళ్లలో చెల్లుతూనే ఉన్నది. ఆ పొడవు నాలుగేళ్లలో తోటివారందరికీ వచ్చేస్తుంది. అప్పటికి అతడికి పాస్ రాదు, అతని వెంట ఆడిన పదిమందికీ బంతి అలవాటు కాదు.

రహీం నియమాలకు ఖర్చేమీ లేదు. నాలుగు ఇటుకలు, కాస్త సున్నం చాలు. అటు నలుగురు, ఇటు నలుగురు. రెండు అంచులనూ తాకిన తరువాత వేసిన గోలునే లెక్కించాలి. మొదటివారం ఒక్క గోలూ పడకపోవచ్చు, తల్లిదండ్రులు సణగవచ్చు. మూడోవారానికి పిల్లలే తలలెత్తి ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోవడం మొదలుపెడతారు.