అమెరికా కళాశాలల ఫుట్‌బాల్: బలహీన ప్రత్యర్థి ఎదురయ్యే వారం

ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళిన మన విద్యార్థులకు అక్కడ మొదట ఆశ్చర్యం కలిగించే విషయాలలో శనివారపు ఫుట్‌బాల్ ఒకటి. సెప్టెంబరు మొదలు నవంబరు చివరి వరకు, తాము చేరిన విశ్వవిద్యాలయంలో ఆట ఉన్నదంటే ఆ రోజు గ్రంథాలయానికి వెళ్ళే దారి కూడా కార్లతో నిండిపోతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయపు క్రీడాప్రాంగణంలో 1,07,601 మంది కూర్చొనవచ్చును. అది ఉన్న ఆన్ ఆర్బర్ పట్టణపు జనాభా 2020 లెక్కల ప్రకారం సుమారు 1,24,000. మన ప్రాంతంలో ఉర్సులకు, జాతరలకు వెళ్ళిన కుటుంబాలు చెట్ల క్రింద పొయ్యిలు పెట్టుకొన్నట్లే, అక్కడివారు ఆటకు కొన్ని గంటల ముందే వచ్చి కార్ల ప్రక్కన వంటలు చేసుకొంటారు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఆటకు ముందు వారాన్ని గురించి. అందులోనూ, బలమైన జట్టు అభిమానులు తమ కూటమిలోనే ఉన్న బలహీనమైన జట్టుతో ఆటకు ఎదురుచూచే వారాన్ని గురించి. గొప్ప ప్రత్యర్థి వస్తున్నప్పుడు కలిగే ఆత్రుతను ఎవరైనా గ్రహించగలరు. గెలుపు ఖాయమని లోకమంతా చెప్పుచున్న ఆటకు ముందు కూడ మనస్సు కుదుటపడకపోవడమే వివరించవలసిన విషయం.

ముందుగా ఒక మాట. ఇది మన రహీం సాహెబు హైదరాబాదు పోలీసు జట్టుకు నేర్పిన ఫుట్‌బాల్ కాదు. ఇందులో బంతి కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. దానిని చేతపట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు. ఇరువైపులా పదకొండుగురు. బంతి దక్కిన జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. సాగితే మరల నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. లేనిచో బంతి ఎదుటివారి పరం. చివరి గీత దాటించిన దానిని టచ్‌డౌన్ అంటారు, దానికి ఆరు పాయింట్లు. నిలువు కొయ్యల నడుమగా తన్నితే మూడు. ఆట కాలం అరువది నిమిషాలు. ఈ అరువది నిమిషాల లెక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి, తరువాత అవసరపడుతుంది.

అక్కడి విశ్వవిద్యాలయాలు కాన్ఫరెన్సులు అనే కూటములుగా ఏర్పడినవి. దక్షిణ రాష్ట్రాల ఆగ్నేయ కాన్ఫరెన్సు 1932లో ఏర్పడినది. అలబామా, వాండర్‌బిల్ట్ రెండూ దానిలో తొలినాటి నుండి ఉన్న సభ్యులే. అలబామా ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అనేక పర్యాయాలు జాతీయ విజేత. వాండర్‌బిల్ట్ నాష్‌విల్ నగరంలోని ప్రైవేటు సంస్థ. ఆ కూటమిలో ప్రైవేటు సంస్థ అదొక్కటే. దాని పేరు విద్యలో పెద్దది, ఫుట్‌బాల్‌లో చిన్నది. టెలివిజన్ మూలంగా వచ్చే ఆదాయాన్ని సభ్యులందరూ పంచుకొంటారు గనుక బలహీనుడు కూటమిని విడువడు, బలవంతుడు అతనిని వెళ్ళగొట్టడు.

బలహీన ప్రత్యర్థులలో మరొక రకం కూడ ఉన్నది. కూటమికి వెలుపలి చిన్న కళాశాలకు రుసుము చెల్లించి తమ ప్రాంగణానికి రప్పించుకొనుట పెద్ద జట్లకు అలవాటు. అది కొనుక్కొన్న ఆట. దానిలోనూ 2007లో అపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టు మిషిగన్‌ను 34–32తో ఓడించి డబ్బుతో పాటు కీర్తిని కూడ తీసుకొని పోయినది. కాని కాన్ఫరెన్సులోని బలహీనుడు అట్లా వచ్చిపోయే అతిథి కాడు. ఇంటి ప్రక్కవాడు, తాతల నాటి ఓటములన్నీ అతనికి జ్ఞాపకమే.

బలవంతుని అభిమానికి ఈ ఆటలో లాభనష్టాల లెక్క సరిపడదు. గెలిచితే "గెలువక ఏమి చేస్తారు" అంటారు. స్వల్ప తేడాతో గెలిచితే ముఖం చిట్లిస్తారు. ఓడితే ఆ మాట ముప్పై ఏండ్ల వరకు పోదు. దీనికి కారణం ఆ దేశంలో విజేతను నిర్ణయించిన పద్ధతి. జట్లు వందకు పైగా, ఒక్కొక్క జట్టు ఆడేది ఏటా పన్నెండు ఆటలు. అందరూ అందరితో ఆడడం అసంభవం. కనుక అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1936 నుండి పాత్రికేయుల ఓట్లతో ప్రతి వారం జట్లకు వరుస స్థానాలు ప్రకటిస్తూ ఉన్నది. 1998 నుండి 2013 వరకు రెండు జట్లకే తుది పోటీలో స్థానం, 2014 నుండి నాలుగింటికి, 2024 నుండి పన్నెండింటికి. అభిప్రాయం మీద ఆధారపడిన స్థానం ఒక్క చెడు శనివారంతో జారిపోగలదు.

ఇక అంచనా సంఖ్య. ఫలానా జట్టు ఇన్ని పాయింట్ల తేడాతో గెలువవచ్చునని పందెములవారు ముందే ఒక అంకె ప్రకటిస్తారు. పందెము మనకు నిషిద్ధం. ఆ విషయమై ఇక్కడ చర్చ లేదు. కాని పందెము కాయనివారు సైతం వారమంతా ఆ అంకెనే పట్టుకొని మాట్లాడతారు గనుక చెప్పక తప్పినది కాదు. ఆ అంకె ఇరవై దాటినదంటే అభిమాని నోట గెలుపు మాట పోయి, "ఎంత తేడాతో" అన్న ప్రశ్నే మిగులుతుంది.

మా కళాశాల పూర్వ విద్యార్థి ఒకడు దక్షిణాది విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో, తన ప్రయోగశాలలోని ఒక వృద్ధ ఉద్యోగిని గురించి మాకు వ్రాసినాడు. పెద్ద ఆటల వారాలలో ఆయన ఉల్లాసంగా ఉండేవాడట. సులభమైన ఆట ఉన్న వారంలో మాత్రం ఎవరు స్కోరు ఊహించినా చేయి అడ్డం పెట్టి, "వాళ్ళవైపు కూడా పదకొండుగురే" అనేవాడట. మనవాడు మొదట దీనిని ముసలితనపు చాదస్తమనుకొన్నాడు. మేమూ చదివి నవ్వుకొన్నాము. 2024 అక్టోబరు 5 తరువాత ఆ ఉత్తరం మాకు మరల జ్ఞాపకం వచ్చినది.

ఆ సంవత్సరం సెప్టెంబరు 28న అలబామా జట్టు బలమైన జార్జియాను 41–34తో గెలిచినది. 28–0 ఆధిక్యం కరిగిపోయి, వెనుకబడి, చివరి నిమిషాలలో తిరిగి సాధించిన విజయం అది. వెంటనే దేశంలో మొదటి స్థానం లభించినది. తరువాతి శనివారం వాండర్‌బిల్ట్‌తో, నాష్‌విల్‌లో. ఆ జట్టు అప్పటికి రెండు గెలిచి రెండు ఓడినది. ఓడిన రెండింటిలో ఒకటి జార్జియా స్టేట్ అనే చిన్న జట్టు చేతిలో. అలబామాపై దాని చివరి విజయం 1984 నాటిది. దేశంలో మొదటి అయిదు స్థానాలలో ఉన్న జట్లతో అప్పటివరకు 60 సార్లు తలపడి 60 సార్లూ ఓడినది. ఇట్టి చరిత్ర ముందుండగా అలబామా అభిమాని నిశ్చింతగా ఉండడం తప్పని మేము అనలేము.

వాండర్‌బిల్ట్ అభిమాని నిరీక్షణ వేరు. అతడు గెలుపును కోరడు, కోరితే నలుగురూ నవ్వుతారు. పరువుగా ఓడితే చాలునని, ఒక్క చక్కని పరుగు చూస్తే చాలునని వస్తాడు. (మన జట్టు అంతర కళాశాల పోటీలకు వెళ్ళినప్పుడు మనం సాధారణంగా ఏ పక్షాన నిలబడి ఉంటామో మన విద్యార్థులకు తెలియనిది కాదు.) నాష్‌విల్ వంటి చోట సొంత మైదానంలోనే ఎదుటి జట్టు రంగులు ఎక్కువగా కనిపించడం కూడ వారికి అలవాటైన అవమానం.

ఆ సాయంత్రం వాండర్‌బిల్ట్ 40–35తో గెలిచినది. ప్రేక్షకులు మైదానంలోకి దూకి, గోలు కొయ్యలను పెరికి, భుజాల మీద నగర వీధుల గుండా మోసుకొని పోయి కంబర్‌లాండ్ నదిలో పడవేసినారు. కాన్ఫరెన్సు 1,00,000 డాలర్ల జరిమానా విధించినది. జరిమానాకు ఆ రాత్రి అక్కడ ఎవరైనా విచారించి ఉంటారని మాకు తోచదు.

ఇట్లా ఎందుకు జరిగినది? అభిమానుల అతివిశ్వాసమే ఓడించినదని మరునాడు చెప్పుకొనుట పరిపాటి. ఈ మాటతో మేము ఏకీభవించలేము. గ్యాలరీలో కూర్చున్నవాని గర్వం బంతిని జారవిడువదు. కారణాలు మైదానంలోనే ఉన్నవి. అలబామా క్రిందటి శనివారమే సర్వశక్తులు ఒడ్డి వచ్చినది. వాండర్‌బిల్ట్‌కు ఆ శనివారం విరామం కావడంతో సిద్ధపడేందుకు రెండు వారాలు లభించినవి. అంతకంటె ముఖ్యమైనది, మనం గుర్తుంచుకొన్న అరువది నిమిషాల లెక్క. ఆ రోజు సుమారు 42 నిమిషాలు బంతి వాండర్‌బిల్ట్ చేతిలోనే ఉన్నది. డియెగో పావియా అనే క్వార్టర్‌బ్యాక్ నాయకత్వంలో వారు తొందరపడక, నాలుగేసి గజాలుగా ముందుకు జరుగుతూ కాలాన్ని కరిగించినారు. బలవంతునికి అవకాశాలు తగ్గినవి. చదవని విద్యార్థికి ఇరవై ప్రశ్నల పరీక్షలో కంటె రెండు ప్రశ్నల పరీక్షలో అదృష్టం కలిసివచ్చే వీలు ఎక్కువ. ఆటను పొట్టిగా చేయడమే బలహీనుని విద్య. దానికి అలబామా జారవిడిచిన బంతి ఒకటి, ఎదుటివాని చేతికి చిక్కి టచ్‌డౌన్‌గా మారిన విసురు ఒకటి తోడైనవి.

2007 డిసెంబరు 1న వెస్ట్ వర్జీనియాకు జరిగినది ఇంకను కఠినం. దేశంలో రెండవ స్థానం. ఆ ఒక్క ఆట గెలిస్తే రెండు జట్ల తుది పోటీలో చోటు. ప్రత్యర్థి కూటమిలోని పొరుగు జట్టు పిట్స్‌బర్గ్. ఆ యేడు నాలుగు గెలిచి ఏడు ఓడినది. అంచనా తేడా 28 పాయింట్లకు పైమాట. ఆట మధ్యలో వెస్ట్ వర్జీనియా క్వార్టర్‌బ్యాక్ బొటనవ్రేలికి గాయమైనది. 13–9తో పిట్స్‌బర్గ్ గెలిచినది. వ్రేలికి గాయమవుతుందని ఏ అంకె ముందుగా చెప్పగలదు?

అయితే గర్వానికి ఇందులో పాత్రయే లేదా? ఉన్నది, కాని అది ఓటమిని తెచ్చేదిగా కాదు. ఉర్దూలో మనం గర్వానికి వాడే 'గురూర్' అన్న మాటకు మూలమైన అరబ్బీలో భ్రమ, మోసపోవుట అని అర్థం. వారం రోజులు ఒక అంకెను నమ్మినవాడు ఆట చూడడానికి రాడు, అంకె నిజం కావడాన్ని చూడడానికి వస్తాడు. ఎదుటి పిల్లలు ఎంత చక్కగా ఆడుతున్నదీ అతని కంటికి ఆనదు. ఆ వృద్ధ ఉద్యోగి మాత్రం తన జట్టుతో పాటు ఎదుటి జట్టునూ చూచేవాడు. ఆయన భయంలో కొంత మర్యాద ఉన్నదని ఇప్పుడు మాకు అనిపిస్తున్నది.

తుది పోటీలకు జట్ల ఎంపిక జరుగకముందే అలబామా ఆ సంవత్సరం మరి రెండు ఆటలు ఓడినది. వాటిలో ఒకటి మరొక సులభమైన ప్రత్యర్థిగా తలచిన ఓక్లహోమా చేతిలో, 24–3 తేడాతో. పన్నెండు జట్లను ఎంపిక చేసినప్పుడు అలబామా పేరు లేదు. 2025 అక్టోబరు 4న ఇవే రెండు జట్లు అలబామా సొంత ప్రాంగణంలో మరల కలిసినవి. అప్పటికి వాండర్‌బిల్ట్ అయిదు ఆటలు ఆడి అయిదూ గెలిచి ఉన్నది. అలబామా 30–14తో గెలిచినది. ఆ ఆటకు ముందు వారం తస్కలూసాలో దానిని సులభమైన ఆట అన్నవారు ఎక్కువమంది ఉండి ఉండరు.